రేవు దగ్గర దిగాలి

భద్రాచలంలో పెరిగిన పిల్లలకు ఎక్కాలతో పాటే మూడు అంకెలు నోటికి వస్తాయి: 43, 48, 53. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిందంటే ఏ టీకొట్టు దగ్గర చూసినా పలకరింపు మారిపోతుంది. బాగున్నారా అనరు. "ఎంతుందంట?" అంటారు. "నలభై ఆరు. పైన పేరూరు దగ్గర ఇంకా పెరుగుతుందంట" అని జవాబు వస్తుంది. బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించాలా, పిల్లల్ని మేనమామ ఇంటికి పంపాలా అన్నది ఇక ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాలి. ముక్కోటికి వచ్చిన యాత్రికులు కూర్చుని పులిహోర తిన్న మెట్టు ఆగస్టులో ఎన్నో అడుగుల నీళ్ల కింద ఉంటుంది. నేల ఎక్కడితో అయిపోయింది, నీరు ఎక్కడ మొదలైంది అని ఇక్కడివాళ్లని అడిగితే, ఏ నెలలో అని తిరిగి అడుగుతారు.

అమెరికాలో ఉంటున్న మా మేనకోడలు ఒకసారి బోస్టన్ నుంచి వీడియో పంపింది. బస్సులాంటి బండి. ఊరి వీధుల్లో పాత భవనాలు చూపిస్తూ తిరిగి, చివరికి చార్లెస్ నది ఒడ్డున ఒక వాలు మీదుగా నేరుగా నీళ్లలోకి దిగిపోయింది. ఎవరూ సీటు లోంచి లేవలేదు. చక్రాల బండి అట్లాగే పడవై నది మీద తేలుతూ పోతోంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. కింద ఆమె ఒక వాక్యం రాసింది: "మామయ్యా, పాపికొండలకు ఇలాంటిది పెడితే ఎంత బాగుంటుందో కదా!"

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. అది జరగకూడనిదేమీ కాదు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి, నీళ్ల మీద నుంచి లేచి నీళ్ల మీదే వాలే విమానాన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. కృష్ణా నది మీద విమానం లేచినప్పుడు గోదావరిలోకి బస్సు దిగడం ఎంత పని? కానీ ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసినకొద్దీ నాకు ఒకటే ప్రశ్న మిగిలింది. ఆ బండిలో వెళ్లినవాళ్లు ఊరు చూశారు, నది చూశారు. ఆ రెండింటి మధ్య ఉన్నదాన్ని చూశారా?

ఆ బండి పుట్టుకలోనే దీనికి జవాబు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల్లో వచ్చిన సరుకును రేవే లేని ఒడ్డుకు చేర్చడం ఎలా అన్నది అమెరికా సైన్యానికి పెద్ద చిక్కు. 1942లో జనరల్ మోటార్స్ వారి రెండున్నర టన్నుల లారీకి పడవ ఒళ్లు తొడిగి, వెనక ప్రొపెల్లర్ బిగించారు. దానికి పెట్టిన సంకేతాక్షరాలు డి.యు.కె.డబ్ల్యు. సైనికులు ముద్దుగా 'డక్' అన్నారు. 21 వేలకు పైగా తయారయ్యాయి. 1943లో సిసిలీలోనూ 1944లో నార్మండీలోనూ మనుషుల్నీ మందుగుండునూ ఇసుక మీదికి మోసుకొచ్చింది అవే. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన బళ్లను 1946 నుంచి విస్కాన్సిన్ డెల్స్‌లో యాత్రికుల కోసం తిప్పడం మొదలైంది. బోస్టన్‌లో 1994లో వచ్చాయి. ఇప్పుడు అవి రేవు పట్టణాల అందం చూపిస్తున్నాయి గానీ, కనిపెట్టింది మాత్రం రేవు అవసరం లేకుండా చేయడానికి.

మా దగ్గర పాపికొండల ప్రయాణం మొదటి నుంచీ సగం నేల, సగం నీరు. భద్రాచలం నుంచి వెళ్లేవాళ్లు ముందు సుమారు 70 కిలోమీటర్లు రోడ్డు మీద పోయి, వి.ఆర్.పురం మండలం పోచవరం దగ్గర బండి దిగి లాంచీ ఎక్కుతారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్లకూ అంతే. కొంత దూరం రోడ్డు, ఆ తర్వాత నది. వరదలు తగ్గి కార్తీకం వచ్చాక లాంచీలు కదులుతాయి. చాలామంది ఆ రోడ్డు భాగాన్ని ప్రయాణం కింద లెక్కేయరు. బస్సులో నిద్రపోతారు. పోచవరం రాగానే లేపండి అని పక్కవాళ్లకు చెప్పి మరీ పడుకుంటారు. నాకైతే ఈ యాత్రలో సగం విలువ ఆ రోడ్డుదే.

భద్రాచలం దాటిన కొద్ది నిమిషాలకే రాష్ట్రం మారిపోతుంది. ఎటపాక వస్తుంది. రావణుడితో పోరాడి జటాయువు పడిపోయింది ఇక్కడేనని చెప్పుకుంటారు. 2014 దాకా ఇది ఖమ్మం జిల్లా. రాష్ట్రం విడిపోయినప్పుడు ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాని చుట్టూ ఉన్న మండలం వెళ్లిపోయింది. అసలు ఈ సీమ ఒక చోట కుదురుగా ఉన్నదెప్పుడు? 1874కు ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. ఆ తర్వాత మద్రాసు రాజధానిలో గోదావరి జిల్లాకు వచ్చింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మారింది. కానీ 2014 మార్పు వేరే రకం. పోలవరం ప్రాజెక్టు కడితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి నేల మీద రాష్ట్రాల సరిహద్దు గీశారు. ఇంకా రాని నీటి అంచు ఇది. బస్సు కిటికీలోంచి చూస్తే ఏ గీతా కనిపించదు. తాడిచెట్లు, మిరప చేలు, కల్లం మీద ఆరబోసిన ఎర్రటి కాయలు, వాటి మధ్య గోనెసంచులు కుడుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. మెలకువగా ఉన్నవాళ్లకు ఇంకోటి కూడా కనిపిస్తుంది: కొన్ని ఇళ్ల గోడల మీద ఛాతీ ఎత్తున ఒక మట్టి మరక, దాని మీద తలెత్తు దాటి ఇంకో మరక. గోదావరి ఎప్పుడెప్పుడు వచ్చి వెళ్లిందో గోడలే చెబుతాయి.

కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఒడిశాలో దాన్ని కొలాబ్ అంటారు. వేసవికి ముందు చూస్తే రెండు నదులూ పేచీ లేకుండా కలుస్తాయి. వానాకాలంలో కథ వేరు. గోదావరి పోటెత్తితే శబరికి దారి దొరకదు. నీళ్లు వెనక్కి తంతాయి. చింతూరు దాకా వాగులన్నీ ఎగదన్ని రోడ్ల మీదికి వస్తాయి. అప్పుడు మనం నిద్రపోతూ వచ్చిన ఈ రోడ్డు మీదే నాటు పడవలు నడుస్తాయి. బాలింతల్నీ ముసలివాళ్లనీ ఆ పడవల్లోనే ఎత్తు మీదికి తీసుకుపోతారు. మా మేనకోడలు కోరిన బండి అవసరం నిజంగా ఎవరికైనా ఉందంటే ఈ ఊళ్లవాళ్లకే ఉంది. వాళ్లు ఏటా అటు నేల మీద కొన్ని నెలలు, ఇటు నీళ్ల మీద కొన్ని వారాలు బతుకుతారు. టికెట్టు కొనరు, ఫొటోలు తీసుకోరు. ఎడ్లబండి ఒకచోట ఆగితే, అక్కడి నుంచి దోనె అందుకుంటుంది. ఆ చోటు వారం వారం మారుతుంది.

రేవు అంటే అదే. నేల తన పని ముగించి నీటికి అప్పజెప్పే చోటు.

మన కథల్లో ఆ చోటుకు ఉన్న విలువ చూడండి. రాముడు అడవికి బయల్దేరి గంగ ఒడ్డుకు వస్తాడు. సుమంత్రుడు అప్పటిదాకా రథం తోలుకొచ్చాడు. ఇక రథం నడవదు. సుమంత్రుణ్ణి వెనక్కి పంపేయాలి, గుహుడి పడవ ఎక్కాలి. అయోధ్య నిజంగా దూరమైంది ఆ ఒడ్డునే. రథం నుంచి పడవలోకి మారే ఆ కాస్త సేపట్లో ఒక మంత్రి ఏడుపు ఉంది, ఒక పడవవాడి స్నేహం ఉంది. నేల మీది బండే నీళ్లలోకి దిగిపోయి ఉంటే ఆ ఇద్దరికీ రామకథలో చోటు ఉండేది కాదు. భద్రాచలంలో ఇప్పటికీ ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం స్వామి పల్లకిలో ఊరేగుతూ గోదావరి ఒడ్డుకు వస్తారు. హంస వాహనంగా అలంకరించిన తెప్ప ఎక్కి నది మీద విహరిస్తారు. దేవుడు కూడా రేవు దగ్గర దిగుతాడు. పల్లకి బోయీల భుజం వదిలి, తెప్ప నడిపేవాళ్ల చేతికి వస్తాడు. జనం కిక్కిరిసి చూసేదీ ఆ దిగే ఘడియే.

గోదావరి మీద రేవు కోసం ఎంత పెద్ద కల కన్నారో కూడా ఇక్కడ చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తిచేసిన ఆర్థర్ కాటన్, నదిని కాలువలకే కాక పడవలకూ దారి చేయాలనుకున్నాడు. నాగపూర్ దగ్గరి వార్ధా లోయలో పండే పత్తిని ప్రాణహిత మీదుగా, గోదావరి మీదుగా కాకినాడ ఓడరేవుకు దింపాలని ఆలోచన. దారిలో పడవలు దాటలేని రాతి అడ్డంకులు మూడు. మొదటిది మా దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట కట్టారు, లాకులు కట్టారు. హెయిగ్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ఈ అడవిలో ఉండి పని నడిపించాడు. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 నుంచి లాంకషైర్ మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఈ పథకానికి ఊపు వచ్చింది. యుద్ధం ముగిసింది, రైలు దారులు పడ్డాయి, జ్వరాలు కూలీలను తినేశాయి. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఉంది. సముద్రం నుంచి ఇంత లోపల, కోయగూడేల నడుమ, ఓడరేవు కోసం చెక్కిన రాళ్లు ఇప్పటికీ నీళ్లలో నిలబడి ఉన్నాయి. అటు పర్ణశాలకు వెళ్లేవాళ్లు నారచీరలు ఆరేసిన గుర్తులు చూసి తిరిగి వచ్చేస్తారు. కాస్త ఆగి ఆ రాళ్లనూ చూడాలని నా కోరిక. రేవు అక్కరలేని బండిని కనిపెట్టినవాళ్లు ఒకరైతే, రేవునే అడవిదాకా పిలుచుకు రావాలనుకున్నవాడు ఇంకొకడు. నాకు రెండోవాడి మీదే మక్కువ, పని సగంలో ఆగిపోయినా సరే.

కాటన్ పడవలు రాకపోయినా లాంచీలు వచ్చాయి. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిందాకా, అవతలి ఒడ్డు నుంచి రాములవారి దర్శనానికి వచ్చే ప్రతి మనిషీ పడవ ఎక్కాల్సిందే. రాజమండ్రి నుంచి నది మీదుగా లాంచీల్లో వచ్చేవాళ్లు. 1973లో బాపు తీసిన 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' ఆ దారినే తెర మీద చూపించాయి. ఇవాళ లాంచీ ఎక్కేవాళ్లలో సగం మంది ఆ సినిమాలు చూసి వచ్చినవాళ్లే.

పోచవరం రేవు పెద్ద హంగు ఉన్నదేమీ కాదు. మెత్తటి ఇసుక, ఒడ్డు మీద టిఫిన్ బండ్లు, జామకాయలమ్మే పిల్లలు, ఇసుకకూ లాంచీకీ మధ్య వేసిన ఒక చెక్క పలక. ఆ పలక మీద నడవడానికి పట్నంవాళ్లు జంకుతారు. అవతల నిలబడ్డ కుర్రాడు చెయ్యి చాపుతాడు. అంతసేపూ ఏసీ బస్సులో ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాడి చెయ్యి పట్టుకుంటాడు. ఒంటికి లైఫ్ జాకెట్ కట్టుకుంటాడు. ఇక మీదట తన ప్రాణం ఇంకొకరి చేతిలో ఉందన్న ఎరుక అక్కడ కలుగుతుంది. సీట్లో కూర్చునే నీళ్లలోకి దిగిపోయేవాడికి ఆ ఎరుక ఎట్లా కలుగుతుంది? మా మేనకోడలికి నేను చెప్పిన జవాబు ఇదే: నువ్వు వచ్చినప్పుడు పోచవరంలో పలక మీద నడిపించి లాంచీ ఎక్కిస్తాను, బండి వద్దు.

లాంచీ కదిలాక పైన డెక్కు మీద పాటలు, కింద వంట. నేను సరంగు పక్కన చోటు వెతుక్కుంటాను. నది ఇక్కడ విశాలంగా మొదలై, తూర్పు కనుమలను కోసుకుంటూ పోయేచోట రెండు కొండల మధ్య కుదించుకుంటుంది. చుట్టూ 2008లో ప్రకటించిన పాపికొండ జాతీయ పార్కు. ఒకసారి సరంగు తన కళ్లు నీటి మీద నుంచి తీయకుండానే నాతో మాట్లాడాడు.

"నీళ్లు నున్నగా కనపడ్డ చోట నమ్మొద్దు సారూ. అక్కడే కింద సుడి ఉంటది."

"మరి అలలున్న చోట?"

"అక్కడ రాయి ఉందని నదే చెప్తది. చెప్పేదానితో భయం లేదు."

నేల మీద తిరిగినవాడికి ఈ పాఠం అందదు. పైనుంచి చూస్తే నీళ్లన్నీ ఒకటే.

పేరంటాలపల్లిలో లాంచీలు ఆగుతాయి. రాజమండ్రి వైపువీ, మా వైపువీ ఇక్కడ కలుసుకుంటాయి. కొండ మీద నుంచి వచ్చే సెలయేరు, శివాలయం, బాలానందస్వామి నెలకొల్పిన రామకృష్ణ మునివాటం ఉన్నాయి. మెట్ల వెంట కొండరెడ్లు వెదురు బుట్టలూ బొమ్మలూ అమ్ముతారు. కొనండి, బేరమాడకండి అని వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాను. వీళ్ల గురించి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లలో ఈ కొండల్లో ఉండి పుస్తకం రాశాడు. అది 1945లో వచ్చింది. పోడు కొట్టి చిరుధాన్యాలు పండించుకోవడం, పంట లేని నెలల్లో జీలుగు చెట్టును నమ్ముకోవడం, వెదురు నరికి తెప్పలుగా కట్టి నది మీద రాజమండ్రికి వదలడం, ఆ వెదురు వ్యాపారంలో అప్పుల పాలవడం, అన్నీ అందులో ఉన్నాయి. నేను గమనించింది ఒకటి చెబుతాను. కొండరెడ్డి బతుకులో కొండా నదీ వేరు వేరు కావు. తిండి పైన ఉంది, దారి కింద ఉంది. పొద్దున కొండెక్కిన మనిషి సాయంత్రం దోనెలో సంతకు పోతాడు. ఆ రెండింటికీ మధ్య నాలుగు గుడిసెలూ ఒక రేవూ ఉంటే అదే ఊరు.

ఆ కిందికి వెళితే కచ్చులూరు. అక్కడ నది మలుపు తిరిగే చోటును 'కచ్చులూరు మందం' అంటారు. అక్కడ జరిగింది చెప్పకుండా ఈ యాత్ర గురించి రాయడం న్యాయం కాదు. 2019 సెప్టెంబరు 15 ఆదివారం, వరద ఇంకా పూర్తిగా తగ్గకముందే, 'రాయల్ వశిష్ట' అనే బోటు సిబ్బందితో కలిపి 70 మందికి పైగా మనుషులతో పాపికొండలకు బయల్దేరి అక్కడ మునిగిపోయింది. ఎక్కినవాళ్లలో సగానికి పైగా తిరిగి రాలేదు. ఒడ్డు మీద ఉన్న కచ్చులూరు గిరిజనులు తమ చిన్న పడవలేసుకుని వెళ్లి చేతికందినవాళ్లను లాగారు. బతికినవాళ్లు బతికింది వాళ్ల వల్లే. బోటు ఎంత లోతులో ఉందో తెలిసినా పైకి తేవడానికి నెల రోజులు దాటింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లూ లంగర్లతో వెతికి వెతికి అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది. ఆ తర్వాతే నియమాలు బిగిశాయి, కంట్రోల్ రూములు వచ్చాయి.

దానికి ఏడాది ముందు, 2018 జులై 19న, అమెరికాలో మిస్సోరి రాష్ట్రం బ్రాన్సన్ దగ్గర టేబుల్ రాక్ చెరువులో ఒక డక్ బండి గాలివానలో చిక్కుకుని మునిగింది. అందులో 31 మంది ఉన్నారు, 17 మంది పోయారు. గాలివాన వస్తుందని హెచ్చరిక ముందే ఉంది. పైన ఉన్న కప్పు ప్రయాణికులను బయటికి రానీయలేదు. రెండు చోట్లా ఎక్కినవాళ్ల తప్పేమీ లేదు. విహారానికి వచ్చినవాళ్లు నదిని చదవలేరు. చదవగలిగినవాళ్లను నమ్మి ఎక్కుతారు. నీళ్లు ఈ రోజు వద్దంటున్నాయని తెలిసినప్పుడు రేవు దగ్గరే ఆపగలగాలి. దిగే చోటు అంటూ ఒకటి ఉంటే, ఆగే చోటు కూడా ఉన్నట్టే. నా మట్టుకు నాకు రేవు మీద ఇంత పట్టుదల రావడానికి కచ్చులూరు కూడా ఒక కారణం.

2022 జులైలో గోదావరే యాత్రకు వచ్చింది. 16వ తేదీన భద్రాచలం దగ్గర 71.3 అడుగులు చేరింది. అంతకు మించి వచ్చింది 1986 ఆగస్టులో, 75.6 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరకట్ట ఇవతల పల్లపు కాలనీల్లో ఇళ్ల పైకప్పులు మాత్రమే కనిపించాయి. మునుపు ఆటోలు తిరిగిన వీధుల్లో పడవలు తిరిగాయి. మేడ మీద నుంచి తాడు కట్టి పాలప్యాకెట్లు, మందులు పైకి లాక్కున్నారు. ఇక కూనవరం, వి.ఆర్.పురం, వేలేరుపాడు, కుక్కునూరు గూడేల సంగతి చెప్పనలవి కాదు. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజులకు రోజులు ఉన్నారు. పోలవరం కాఫర్ డ్యాము వల్లే నీళ్లు ఎగదన్నాయని తెలంగాణ, కాదని ఆంధ్రప్రదేశ్ వాదించుకున్నాయి. గుట్ట మీద ఉన్నవాళ్లు రెండు ప్రభుత్వాల మాటా విన్నారు. వాళ్లకు కావలసింది ఎవరి నీళ్లని కాదు, ఎప్పుడు దిగుతాయని.

ఇక ముందు ఆ నీళ్లు దిగని రోజు వస్తుంది. పోలవరం నిండు మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నింపాలని నిర్ణయించారు. మొత్తం 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. దేవీపట్నం వైపు నది ఒడ్డు ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. వేలేరుపాడు, కుక్కునూరు వైపువాళ్లలో చాలామందికి జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయిలో కాలనీలు కట్టారు. కాలువల కింద లక్షల ఎకరాలకు నీరందుతుంది, విశాఖకు తాగునీరు వెళుతుంది. ఆ మేలును నేను చిన్నది చేయను. గోదావరి నీళ్లు తాగి బతికే డెల్టావాళ్లూ మనవాళ్లే. కానీ ఆ మేలు కోసం ఎవరి నేల నీరుగా మారుతోందో వాళ్ల ఊళ్ల మీదుగానే మనం విహారానికి వెళుతున్నాం. ఇవాళ బస్సులో నిద్రపోతూ దాటే కొన్ని చోట్లను రేపు వచ్చేవాళ్లు లాంచీలో దాటుతారు. కింద మిరప కల్లం ఉండేదని వాళ్లకు తెలియదు. నది ఇక రుతువును బట్టి వచ్చి పోదు. అంచు ఒకచోట స్థిరపడిపోతుంది. గోడల మీద కొత్త మరకలు పడవు, ఎందుకంటే గోడలు ఉండవు.

నా యాత్రలో నాకు బాగా గుర్తుండిపోయిన మాట చెప్పింది లాంచీలో మైకు పట్టుకున్న కుర్రాడు. ఈ కుర్రాళ్లు ప్రతి లాంచీలోనూ ఉంటారు. ఇక్కడ ఫలానా సినిమా తీశారు, ఫలానా హీరో ఈ ఇసుక మీద డాన్సు చేశాడు అని చెబుతూ, మధ్యలో పాటలు వేస్తుంటారు. మా లాంచీ కుర్రాడు బాగా చెబుతాడు, జనాన్ని నవ్విస్తాడు. తిరుగు ప్రయాణంలో పక్కన కూర్చోబెట్టుకుని మీదే ఊరు నాయనా అని అడిగాను. నది ఒడ్డు ఊరే. వాళ్ల నాన్న పడవ నడిపేవాడు. వాళ్లకు కొత్త కాలనీలో ఇల్లు కేటాయించారు. వెళ్లి చూసి వచ్చాడట.

"ఎట్లా ఉంది?"

"ఇల్లు బాగుంది సారూ. స్లాబు ఇల్లు. కరెంటు, కుళాయి, బడి, అన్నీ దగ్గర్నే. మా నాయినకే ఏం తోస్తలేదు. పడవ ఏడ పెట్టాలె అంటడు."

ఆ కాలనీ నుంచి నదికి చాలా దూరం. రోడ్డు ఉంది, నీటి ట్యాంకు ఉంది. రేవు లేదు. పరిహారం లెక్కల్లో ఇంటికి ఇంత, ఎకరానికి ఇంత, చెట్టుకు ఇంత అని వేస్తారు. ఒడ్డున కట్టుకున్న పడవకు, ఆ పడవ కట్టేసిన రాయికి, రోజూ పొద్దున్నే ఆ రాయి దాకా నడిచే అలవాటుకు ఏ కాలమ్ ఉంటుంది? ఈ ప్రశ్న అధికారులను తప్పుబట్టడానికి అడగడం లేదు. జవాబు కావాలనే అడుగుతున్నాను. కాలనీలు ఇంకా కడుతున్నారు. జలాశయం నిండాక దాని కొత్త ఒడ్డు ఎక్కడ ఉంటుందో మ్యాపుల్లో ఇప్పుడే తెలుసు. ఆ ఒడ్డున రేవులు కట్టవచ్చు. ఏ ఊరివాళ్లకు ఏ రేవు అన్నది రాసి ఇవ్వవచ్చు. చేపలు పట్టే హక్కు, లాంచీలు నడిపే లైసెన్సు, విహారయాత్రల మీద వచ్చే డబ్బులో వాటా మొదట వాళ్లకే దక్కేలా చేయవచ్చు. నదిని చదవడం వచ్చినవాళ్లు వాళ్లే.

అప్పటిదాకా యాత్రికులు చేయగలిగింది కూడా ఉంది. నేను ఆ కుర్రాణ్ణి అడిగాను: సినిమాల పేర్లు చెప్పినట్టే ఊళ్ల పేర్లు కూడా చెబుతావా అని. ఎవరు వింటారు సారూ అన్నాడు. నేను వింటాను అన్నాను. వాడు పాట ఆపాడు. కుడి ఒడ్డు చూపించి కొయిదా అన్నాడు, అక్కడ ఎన్ని ఇళ్లుండేవో చెప్పాడు. టేకుపల్లి అన్నాడు. కొల్లూరు దగ్గర వెదురు గుడిసెల్లో రాత్రి బస చేసే పద్ధతి మొదలయ్యాక ఊళ్లో కుర్రాళ్లకు ఏం పనులు దొరికాయో చెప్పాడు. మొదట ఒకరిద్దరే తల తిప్పి చూశారు. తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, వాళ్లకు భూమికి భూమి ఇచ్చారా బాబూ అని అడిగింది. ఖమ్మం నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన బడి పిల్లల సంగతి అడిగాడు. ఒక పిల్లవాడు, మరి వాళ్ల గుడిలో దేవుణ్ణి కూడా తీసుకుపోయారా అన్నాడు. తుమ్మిలేరు దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నలు ఎక్కువై, కొన్నింటికి జవాబు తనకు తెలియక, ఆ కుర్రాడు సరంగు దగ్గరికి వెళ్లి స్టీరింగు ఇంకొకరికి ఇప్పించి మైకు ఆయన చేతిలో పెట్టాడు.